ముప్పయ్యో భాగం

బిందుమాధవి ఫోను తీసింది. వద్దే తల్లీ, ఈ ఒక్కరోజుకీ వద్దు అని నేను లోపల ఎంత మొత్తుకున్నా ఏం లాభం, పైకి ఒక్క ముక్క రాదు. ఆ పిల్ల అప్పుడే పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుని, తెరకు మిరప అంటకుండా చిటికెన వేలితో నొక్కి, స్పీకరు డబ్బాను బోర్లించిన బకెట్టు మీద పెట్టేసింది. "అక్కలూ, పిన్నులూ, ఇయ్యాల లాస్టు పార్టు! ఎవరూ మాట్టాడమాకండి, చెప్తున్నా!" అని అరిచింది. మధ్యాహ్నం రెండు దాటింది. గుంటూరు కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డు, మార్చి నెల ఎండ, ముక్కులకు గుడ్డలు కట్టుకున్న ముప్పై మంది ఆడవాళ్ళం, ఒక్కొక్కరి ముందు ఒక్కో మిరపకాయల కుప్ప. అన్నాలు తిని మళ్ళీ తొడిమలు తీయడానికి కూర్చున్నాం. నా ఎడమ పక్కన మా అత్తమ్మ నసీమున్నీసా, ఆమెకు అవతల బసవమ్మ. డబ్బాలోంచి వీణ మోగింది, ఆ తర్వాత ఫోనులో నవల చదివే పిల్ల ఎవరో ఊపిరి పీల్చి వదిలి, "రచన, చంద్రహాసిని" అంది. ఆ చంద్రహాసినిని నేనే. సిద్దికాని. ఆ సంగతి ఈ షెడ్డులో ఎవరికీ తెలియదు. ఈ ఆఖరి భాగంలో నేను రాసింది మా అత్తమ్మ ఎవరికీ చెప్పుకోని ముచ్చట అనీ ఎవరికీ తెలియదు. ఇంకో అరగంటలో ఆమెకు తెలిసిపోతుంది, ఆమె పక్కనే కూర్చుని వినాలి నేను.

అసలు ఇవాళ ఆమె ఇక్కడ ఉండకూడదు. నేను అన్నీ లెక్క చూసుకునే పెట్టాను. ఆఖరి భాగం గురువారం వస్తుందని తెలియగానే సోమవారం నుంచీ, "అత్తమ్మా, మెహర్‌ని చూసి ఎన్నాళ్ళయింది, పిడుగురాళ్ళ వెళ్ళి రెండ్రోజులు ఉండి రారాదా" అని పోరాను. కూతురి పేరు చెబితే లేచి వెళ్తుందనుకున్నాను. సంచి కూడా సర్దాను, తీరా పొద్దున్నే ఆమె ఆ సంచిలోంచి చీర తీసి కట్టుకుని, "ఎండల్లో ఆ సున్నపు బట్టీల ఊళ్ళో నేనేడ ఉంటానే, రంజానుకి పోతాలే" అని నాకంటే ముందు ఆటో ఎక్కి కూర్చుంది. జ్వరం వచ్చిందని నేనైనా ఇంట్లో ఆగిపోవచ్చు. ఆగితే ఏం జరిగిందో తెలియకుండా సాయంత్రం దాకా చావాలి. అందుకే వచ్చాను. దొంగతనం చేసినవాడు పోలీసుల మధ్యే తిరుగుతాడంటారే, అదేదో నిజమే అనిపిస్తోంది. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కాయ తీయి, తొడిమ గిల్లు, బుట్టలో వెయ్యి.

పద్నాలుగు నవలలు రాశాను. ఒక్క దానికీ ఇంత భయపడలేదు. మొదటిది కరోనా రోజుల్లో, మిర్చి యార్డు మూసేసి అందరం ఇళ్ళల్లో పడి ఉన్నప్పుడు, మేడ మీద బట్టలు ఆరేస్తూ ఫోనులోకి గుసగుసగా చెప్పాను, అదే విని అక్షరాలు వేసుకునేది. తప్పులు బోలెడు. "ప్రేమ" అంటే "పేరమ్మ" అని పడేది, నవ్వొచ్చేది. అయినా జనం చదివారు. కథల యాప్‌లో పేరేమని పెట్టమంటారు మేడమ్ అని అడిగితే అప్పటికప్పుడు చంద్రహాసిని అన్నాను. ఎవరా చంద్రహాసిని? పొడుగు జడ, ఎర్రబోర్డరు చీర, కాఫీ తాగుతూ కిటికీలోంచి వాన చూసే మనిషి అయ్యుంటుంది. నా పాఠకులు అలాగే అనుకుంటారు. "మేడమ్, మీరు ప్రేమ పెళ్ళి చేసుకున్నారా" అని రాస్తారు. అరచేతులకు ఆముదం రాసుకుని కాయలు గిల్లే మనిషిని, భర్త అస్లాం చేతికి ఫోను చిక్కకుండా బియ్యం డబ్బాలో దాచే మనిషిని అని వాళ్ళకెలా చెప్పను? ఒకసారి ఎవరో పాఠకురాలు ఎర్ర గుండె బొమ్మ పంపితే అది అస్లాం కంట పడింది. ఎవడే వాడు అని ఇల్లు పీకి పందిరేశాడు. ఆ రోజు అత్తమ్మే అడ్డు నిలబడి, "ఆడపిల్ల ఎవరో సరదాకి పంపింది, నీకేం పోయింది రా" అని కొడుకును గదమాయించింది. ఏం బొమ్మ, ఎవరు పంపారు, ఎందుకు పంపారు అని నన్ను ఒక్కమాట అడగలేదు. అడగని మనిషి అని నాకు అప్పుడే తెలుసు. అడగకుండా నన్ను నమ్మింది. ఆ నమ్మకమే ఇవాళ ఈ డబ్బాలోంచి బయటికి వచ్చి నా మొహాన పడబోతోంది.

డబ్బాలో రాఘవ మాట్లాడుతున్నాడు. నా హీరో. ఆస్తిపరుడు, గడ్డం నీట్‌గా ట్రిమ్ చేసుకుంటాడు, కోపం వస్తే దవడ బిగిస్తాడు. ఇరవై తొమ్మిది భాగాలుగా నా హీరోయిన్ చంద్రికను అడుగుతూనే ఉన్నాడు, ముక్కు కుట్టించుకున్నావు, పుడక ఎందుకు పెట్టుకోవు అని. చంద్రిక చెప్పదు. "చెప్పవే, ముక్కు మూసుకుపోద్ది చెప్పకపోతే" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. "వాడు చూడు, ముక్కు గురించే అడుగుతున్నాడు, దాని మనసు గురించి అడగడు" అంది మా వరస చివర కూర్చున్న వెంకటేశ్వరమ్మ, ఆమెకు ఏ హీరో నచ్చడు. అత్తమ్మ కూడా నవ్వింది. నవ్వడం నాకు వినపడింది. చూడలేదు, చూడడానికి ధైర్యం లేదు, ఆమె ముక్కు మీద గుడ్డ ఉంది. గుడ్డ తీస్తే ఎడమ వైపు చిన్న కన్నం, అందులో ఏమీ ఉండదు. మా ఇంట్లో అందరికీ అలవాటైపోయి ఎవరూ దాన్ని చూడరు. పదిహేనేళ్ళ కాపురంలో నేనూ చూడలేదు, ఆ సంగతి ఆమె చెప్పేదాకా.

ఎప్పుడు చెప్పిందంటే, నాకు గర్భసంచి తీసేశాక. నెల రోజులు మంచం దిగలేదు నేను. ఏడుస్తూ పడుకుంటే ఆమె నా కాళ్ళు ఒత్తుతూ, గోడ వైపు చూస్తూ, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. ఆమె తండ్రి దూదేకులవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పొదిలి వైపు పల్లెలకు పోయి, పెళ్ళివారింట్లోనే పదిరోజులుండి కొత్త దంపతులకు పరుపూ దిండ్లూ కుట్టి వచ్చేవాడు. కుట్టుపనికి కూతురిని తీసుకెళ్ళేవాడు. పద్దెనిమిదేళ్ళు ఆమెకు. ఒక రైతు ఇల్లు. పెళ్ళి ఆ ఇంటి కొడుకుది. అతను రోజూ మజ్జిగ చెంబు తెచ్చి పెట్టేవాడట, ఏమీ మాట్లాడేవాడు కాదట. దూది ఎగిరి జుట్టు మీద పడితే "ముసలమ్మవైపోయావు" అని ఒక్కసారి అన్నాడట. అంతే. అంతకంటే ఏమీ లేదు. పదిరోజులూ అతని పెళ్ళి పరుపును ఆమె కుట్టింది. ఆఖరి రోజు మూడు వైపులా కుట్టేసి నాలుగో వైపు కుట్టే ముందు, తండ్రి బయట బీడీ కాల్చుకుంటుంటే, తన ముక్కుపుడక తీసి దూదిలోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టి లోపల వదిలేసింది. తల ఎత్తితే గుమ్మంలో అతను. "చూశాడో లేదో తెలీదే" అంది అత్తమ్మ. ఆ మాట రెండుసార్లు అంది. ముక్కుపుడక పారేసుకున్నానని చెబితే తండ్రి దారి పొడుగునా కొట్టాడట. మళ్ళీ పెట్టుకోలేదు. నా ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు. అతని పేరు ఆమె చెప్పలేదు, ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు. నాతో ఆ మాట అనాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచలేదు. తోచి ఉంటే బాగుండేది, కనీసం ఒట్టు తప్పానని అనిపించుకునేదాన్ని. ఇప్పుడు చేసినదానికి పేరు కూడా లేదు.

ఎందుకు రాశానంటే ఏం చెప్పను? యాప్ ఆఫీసులో చైతన్యకృష్ణ అని ఒక కుర్ర ఎడిటరు ఉన్నాడు, ఫోను చేసి, "మేడమ్, ఎండింగ్‌లో పెయిన్ కావాలండీ, రియల్ పెయిన్, వినేవాళ్ళు పని ఆపేయాలండీ" అన్నాడు. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చంద్రికకు జబ్బు చేయించాను, బాగాలేదు. యాక్సిడెంటు చేయించాను, ఛీ అనిపించింది. ఎనిమిదో రోజు మేడ మీద తువ్వాలు పిండుతుంటే ఆ పరుపు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం అబద్ధం, రెండేళ్ళుగా అది నాలోనే కూర్చుని నా పని ఎప్పుడని అడుగుతోంది. పేర్లు మార్చాను, కులం మార్చాను, దూదేకులాయన్ని దర్జీని చేశాను, పొదిలిని కోనసీమ చేశాను. పరుపును మార్చబోతే మాత్రం కథ చచ్చిపోతోంది. మార్చలేదు. ఫోనులోకి చెప్పేటప్పుడు ఏడ్చాను కూడా, నిజం ఏడుపే, కానీ ఏడుస్తూనే, అబ్బ ఎంత బాగా వచ్చింది అనుకున్నాను. అల్లా, ఎలాంటి మనిషిని నేను!

"పెళ్ళి పరుపు కుట్టడానికి చంద్రిక తండ్రి వెంట ఆ ఇంట అడుగుపెట్టింది" అంటోంది డబ్బా.

అయిపోయింది. నా ఎడమ పక్క వేళ్ళ చప్పుడు ఆగింది. తొడిమ విరిగే చిన్న టిక్కు శబ్దం, పన్నెండేళ్ళుగా నా పక్కన వినపడే శబ్దం, లేదు. నేను, "బిందూ, ఆపవే, తల పగిలిపోతోంది ఆ గోలకి" అన్నాను. "అక్కా, నీకు దండం పెడతా, ఇంకో పావుగంట!" అంది ఆ పిల్ల. ముప్పై మందీ నా మీద లేచారు. నేను చేతులకు అంటిన కారం సంగతి మర్చిపోయి ఆ డబ్బా వైపు లేవబోయాను, నిజంగానే లేచేదాన్ని, విసిరికొట్టేదాన్నేమో, అప్పుడు అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఉండనీలే" అంది. తిట్టలేదు, తిరిగి చూడలేదు. ఆ చెయ్యి ఒక్క క్షణం ఉండి వెళ్ళిపోయింది. అక్కడ నా చీర మీద నూనె మరక. ఉండనీలే అంటే ఏమిటి? విననీ అనా? ఇంటికి రా, నీ సంగతి చెప్తా అనా? ఏమీ తెలియక, మామూలుగా, కథ బాగుందనా? ఆ ఒక్క మాటను పట్టుకుని నేను ఊరంతా తిరిగొచ్చాను. ఇవాళ రాత్రి ఆమె అన్నం నా చేతిది తింటుందా? మెహర్ ఇంటికి వెళ్ళిపోయి ఇక రానంటే అస్లాంకు నేనేం చెప్పను? అస్లాంతో పడగలను. అరుస్తాడు, ఆగుతాడు. ఆమె అరవదు. నన్ను చూసి లేచి పక్క గదిలోకి వెళ్తుంది, చచ్చేదాకా అలా లేచి వెళ్తూనే ఉంటుంది. దానికంటే ఇప్పుడే ఇంతమందిలో చెంప పగలగొడితే బాగుండును.

డబ్బాలో చంద్రిక ముక్కుపుడక తీసింది. నేను రాసిన వాక్యాలే, ఒక్కొక్కటీ వచ్చి తగులుతున్నాయి, ఎంత తీపి చేశానో, ఎన్ని పూలు చల్లానో! ఉత్త మజ్జిగ చెంబును వెండి గ్లాసు చేశాను. ఆ పదిరోజుల మౌనం నిండా డైలాగులు కుక్కాను. చైతన్యకృష్ణ చూస్తే మురిసిపోతాడు, నిజంగానే అందరూ పని ఆపేశారు. అప్పుడు బసవమ్మ పకాలున నవ్వింది.

"ఏందే ఇది, అచ్చం మా బుల్లయ్యన్న పరుపు లాగుందే!"

"మీ అన్నకి పరుపేంది పిన్నీ?" అని బిందుమాధవి.

"పెళ్ళి పరుపే. పొదిలి కాడ మా ఊళ్ళో కుట్టించారు, నాకప్పుడు పదేళ్ళు. దూదేకుల సాయిబు వచ్చి కుట్టాడు. మా అన్న దాన్ని నలభై ఏళ్ళు ఇప్పనియ్యలేదు! దూది గడ్డలు కట్టి రాళ్ళ మీద పొణుకున్నట్టుండేది. మా వదిన నడుం పోయి కింద చాపేసుకునేది. పరుపు ఏకుతామని ఎవడైనా బజార్లో కేకేస్తే కర్ర తీసుకుని లేచేవాడు, మా ఇంటికి రామాకండి అని. ఒట్టి పిసినారోడు అనుకున్నాం."

అందరూ గొల్లున నవ్వారు. "ఇప్పుడు ఇప్పి చూడు పిన్నీ, ఏ ముక్కుపుడకో దొరికిద్ది" అంది బిందుమాధవి.

"ఏడ ఇప్పేది? ఆయనే పోయాడు, మొన్న వానాకాలం. వదినతో నాకు మాటల్లేవు, కబురు కూడా చెయ్యలా. పదకొండో రోజుకి తెలిసింది. ఎవురికి చెప్పుకుంటా? ఆ పరుపు కూడా ఆయన ఎనకమాలే తీసుకుపోయి కాల్చేశారంట."

నవ్వు ఆగిపోయింది. అయ్యో అని ఎవరో అన్నారు. నేను కాయను పట్టుకుని కూర్చున్నాను, గిల్లాలని గుర్తు రావడం లేదు. బుల్లయ్య. పేరు బుల్లయ్య. ఆరేళ్ళుగా ఈ వరసలో బసవమ్మ పక్కన చోటు కోసం మా అత్తమ్మ పొద్దున్నే నన్ను తరిమి తరిమి తీసుకొస్తోంది. నీడ కోసం అనుకున్నాను. బసవమ్మకు పచ్చడి పెట్టేది, కొబ్బరినూనె ఇచ్చేది, "మీ పొదిలిలో వానలు పడ్డాయా అమ్మా" అని అడిగేది. వానలు పడ్డాయంటే మిరప వేశారా అనేది, వేశారంటే మీ అన్నగారు వేశారా అనేది. బసవమ్మ ఏదో చెప్పేది, ఆమె తొడిమలు తీసుకుంటూ వినేది. పక్కనే కూర్చుని నేను ఏం చేస్తున్నాను? రాఘవ దవడ ఎలా బిగించాలా అని ఆలోచిస్తున్నాను. ఆరేళ్ళు! మూరెడు దూరంలో! పద్నాలుగు ప్రేమ నవలలు రాసిన మహారచయిత్రిని, సిగ్గులేనిదాన్ని. చూశాడో లేదో తెలీదే అని ఆమె రెండుసార్లు అన్న మాటకు జవాబు ఇవాళ వచ్చింది, చూశాడని. ఆ జవాబుతో పాటే మనిషి పోయాడని కూడా. రెండూ ఒకే నోటి నుంచి, ఒకే ఊపిరిలో, ముప్పై మంది మధ్య. తెచ్చింది నేను. నా కథ లేకపోతే బసవమ్మకు ఆ పరుపు గుర్తుకొచ్చేది కాదు, ఈమె ఇంకో పదేళ్ళు వానల గురించి అడుగుతూ బతికేది.

"ఏ రోజమ్మా?" అంది అత్తమ్మ. గొంతు మామూలుగానే ఉంది.

"శ్రావణ శుక్రవారం. పుణ్యాత్ముడు."

"ఊఁ" అంది.

డబ్బాలో రాఘవ పరుపు చింపాడు. ముక్కుపుడక అరచేతిలో పెట్టుకుని వానలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. చంద్రిక ఏడ్చింది. వీణ మోగింది. ఎవరూ పెద్దగా వినలేదు. బసవమ్మ గుడ్డ సర్దుకుని, "బాగానే రాసింది ఎవరో మహాతల్లి" అని కాయల్లోకి వంగింది. బిందుమాధవి స్పీకరు కట్టేసి దాచుకుంది. అవతల ముఠా కూలీలు బస్తాలు దించుతున్న చప్పుడు, ఎవరో దగ్గుతున్న చప్పుడు. పక్కకు చూడాలి. చూడలేను. ఆమె ఏడుస్తుంటే చూడలేను, ఏడవకపోతే అసలు చూడలేను. నా చెవులు రెండూ ఎడమ వైపే ఉన్నాయి. చాలాసేపటికి టిక్కుమని ఒక తొడిమ విరిగింది. తర్వాత ఇంకొకటి.

"సిద్దికా."

"అత్తమ్మా."

"ఇంకా ఉందా?"

ఫోను ఉన్నది బిందుమాధవి దగ్గర. ఆమె అడిగింది నన్ను. ఏది ఉందా అని అమాయకంగా అడగొచ్చు, నాకేం తెలుసత్తమ్మా అనొచ్చు, పద్నాలుగు నవలల అబద్ధాలు ఆడినదాన్ని, ఒక్కటి దొరకలేదు.

"లేదత్తమ్మా. అయిపోయింది."

ఆమె కొంచెం ముందుకు వంగింది, కుప్పను తన వైపు లాక్కుంటున్నట్టు. నా చెవికి మాత్రమే వినపడేలా, "మళ్ళా ఎప్పుడన్నా రాస్తే, ఆయన పోయినట్టు మాత్రం రాయమాక" అంది.

కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఇంత జరిగాక కూడా ఆమె నన్ను ఒకటి అడుగుతోంది, ఇస్తానని నమ్మి అడుగుతోంది. రాయనత్తమ్మా అన్నాను. ఒట్టు, రాయను, నా కళ్ళ మీద ఒట్టు అన్నాను. అంటుండగానే భయమేసింది, ఎందుకంటే నేను పిలవకుండానే, వద్దు వద్దంటున్నా వినకుండా, కొత్త కథ మొదటి వాక్యం అప్పటికే నా తలలోకి వచ్చి కూర్చుంది. శ్రావణ శుక్రవారం నాడు ఆ పరుపు కుట్లు విప్పకుండానే ఊరు దాటింది.